నీళ్లలో తేలిన ముక్క

“మనుషుల ముక్కలు కోసే చేత్తోనే మా ముల్లంగి కూడా కోస్తున్నావా ఏంటే?”

జొంజు ఊళ్లో, చర్చి వంటగదిలో, ఆదివారం భోజనాల వేళ, పదిమంది ఆడవాళ్ల ముందు ఓక్ ఉన్‌చోంగ్‌ని ఈ మాట అడిగింది ప్యో మల్సున్. నంబు బజారులో సోయా మొలకల చారన్నం అమ్మే కొట్టు ఆమెది. చర్చిలో క్వన్సా. అక్కడ ఆడవాళ్లకి అంతకు మించిన పీట లేదు. ఆ పీట ఎక్కినవాళ్లకి ఎవర్నైనా ఏమైనా అడిగే హక్కు ఊరికే వచ్చేస్తుంది.

“చేతులకి తొడుగులు వేసుకుంటామండీ,” అంది ఉన్‌చోంగ్.

“తొడుగులే! అందుకే ముక్కలు ఇలా ఉల్లిపొరల్లా వస్తున్నాయి. పంటికి తగలాలే పిల్లా. ఇది పచ్చడి, నీ పరీక్ష కాదు.”

వంటగదంతా నవ్వింది. ఉన్‌చోంగ్ కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది, ఆమె కాలేజీ ఫీజులో సగం కట్టేది ఆ చర్చే. సెమిస్టరు మొదలైన ప్రతిసారీ కూ పాస్టరు ఆమెను వేదిక మీదికి పిలిచి, చేతికి కవరు ఇస్తూ ఫొటో తీయించేవాడు. కవరు ఖాళీది. డబ్బు నేరుగా కాలేజీకి వెళ్లేది. కుడిచేతి దానం ఎడమచేతికి తెలియకూడదని బోధించే ఆయనే, కెమెరాకి మాత్రం తెలియాలనేవాడు.

ఉన్‌చోంగ్ చదివేది ల్యాబ్ కోర్సు. ఆఖరి ఏడాది శిక్షణకి ఊళ్లోని ఒక ఆసుపత్రిలో వేశారు. రోగి ఒంట్లోంచి డాక్టర్లు గిల్లి తీసిన ముక్కలు అక్కడికి వస్తాయి. వాటిని కరిగిన మైనంలో పెట్టి దిమ్మ కడతారు. దిమ్మని కత్తి యంత్రానికి బిగించి, వెంట్రుక కంటే పల్చటి పొరలు తీస్తారు. పొర ముడుచుకుపోకుండా గోరువెచ్చని నీళ్ల తొట్టిలో తేలేసి, కిందనుంచి గాజు స్లైడు మీదికి ఎత్తుకుంటారు. ఆ తర్వాత రంగులు పట్టించి డాక్టరు ముందు పెడతారు. ఆ స్లైడులో ఏముంటే రోగికి అదే జబ్బు.

ల్యాబ్‌లో సీనియరు తక్ హ్యంగ్‌సు. దేవుడి మీద నమ్మకం లేదు, మనుషుల మీద అంతకన్నా లేదు. వచ్చిన రోజే ఆమెకి రెండు ముక్కల్లో చెప్పాడు: “కత్తికి వేలు ఇవ్వకు. నీళ్ల మీద కాగితం లాగి తుడవకుండా రెండో మనిషి దిమ్మ ముట్టుకోకు. ఒకడి పొర తెగి తొట్టిలో మిగిలిందనుకో, ఇంకొకడి స్లైడెక్కి కూర్చుంటుంది. అప్పుడు వాడి జబ్బు వీడిదవుతుంది.”

ఉన్‌చోంగ్ తలూపింది. కానీ ఆమెకో అలవాటు ఉండేది. దిమ్మ మారినప్పుడల్లా కళ్లు మూసుకుని, ఆ పేరు గల మనిషి కోసం ఒక చిన్న ప్రార్థన చేసేది. చర్చిలో ఈ సంగతి తెలిసి ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. తక్ మాత్రం కళ్లు తిప్పాడు.

“ఏమ్మా దేవదూతా, ఆ దిమ్మకి అంత్యక్రియలు అయ్యాయా?”

“వాళ్లు బతికే ఉన్నారు సార్.”

“అయితే తొందరగా కొయ్యి. బతికుండగానే రిపోర్టు అందాలి.”

ఆ అమ్మాయికి ఆ వెక్కిరింత ఇష్టంగానే ఉండేదని చెప్పాలి. విశ్వాసం కోసం మాటలు పడుతున్నానన్న తృప్తి చవగ్గా దొరుకుతుంటే ఎవరు కాదంటారు?

అక్టోబరులో ఒకరోజు, కడుపులో కేన్సరు వచ్చిన ఒక పెద్దాయన ముక్క కోసింది. పక్కనున్న దిమ్మ తీసి పేరు చూసింది. ప్యో మల్సున్. చారన్నం క్వన్సా. కడుపులో మంటగా ఉందని కెమెరా గొట్టం వేయించుకుందట, అవే గిల్లిన ముక్కలు. ఉన్‌చోంగ్ కళ్లు గట్టిగా మూసుకుంది. రోజూ చేసే చిన్న ప్రార్థన కాదు, ఈసారి పొడుగాటిది. ఆమె కడుపు చల్లగా ఉండాలంది. కొట్టు బాగా సాగాలంది. ముల్లంగి దగ్గర అన్న మాటని తాను క్షమించేశానని కూడా దేవుడికి విన్నవించుకుంది. ఒకరిని క్షమించామని మూడోవాడికి చెప్పుకోవడంలో ఉన్న రుచి వేరు. ఆ రుచి నాలుక మీద ఉండగానే కళ్లు తెరిచి, పొర తీసి, తొట్టిలో వేసి, స్లైడు మీదికి ఎత్తుకుంది.

నీళ్ల మీద కాగితం లాగలేదు.

రిపోర్టు వచ్చింది. కడుపులో కేన్సరు.

ఇక చర్చి ఊగిపోయింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు ఆసుపత్రివాళ్లు. ముందు సియోల్లో ఇంకో డాక్టరుకి చూపిద్దాం, తేదీ దొరికేదాకా ఆగుదాం అన్నాడు మల్సున్ కొడుకు. ఆ ఆగిన రోజుల్ని కూ పాస్టరు వదల్లేదు. తెల్లవారుజాము ప్రార్థనలు ఆమె పేర పెట్టాడు. ఉపవాసాలు వంతులవారీగా పంచాడు. ఆమె తలమీద చెయ్యి వేసి, పక్క సందులో దుకాణాలవాళ్లు షట్టరెత్తి చూసేలా కేకలు వేశాడు. ఉన్‌చోంగ్ కూడా వెళ్లి చాప మీద కూర్చుని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది.

సియోల్లో మళ్లీ గొట్టం వేసి, నాలుగైదు చోట్ల గిల్లి చూశారు. ఏమీ లేదు. చిన్న పుండు, అంతే.

“హల్లెలూయా!” అన్నాడు కూ పాస్టరు. చర్చి గోడకి బ్యానరు కట్టించాడు: ‘కేన్సరుని జయించిన దేవుడు’. కింద మల్సున్ ఫొటో. దాని పక్కన, మల్సున్ కంటే కొంచెం పెద్దదిగా, పాస్టరు ఫొటో. కొండ మీద కడుతున్న ప్రార్థన మందిరం డబ్బుల్లేక పునాదుల దగ్గరే ఆగిపోయి ఉంది. కృతజ్ఞతగా తన కొట్టు అద్దెకి కట్టిన అడ్వాన్సు మొత్తం వెనక్కి తీసుకుని ఆ మందిరానికి ఇచ్చేస్తానని మల్సున్ మాటిచ్చింది. అంటే కొట్టు ఉండదు. ముప్పై ఏళ్లుగా ఆమె లేచింది, నించుంది, బతికింది ఆ కొట్టులోనే. నవంబరులో కోతల కృతజ్ఞతల ఆదివారం నాడు సాక్ష్యం చెప్పి డబ్బు చేతిలో పెట్టాలని ముహూర్తం.

సియోల్ ఫలితం ఈ ఆసుపత్రికీ తెలిసింది. రిపోర్టు రాసిన డాక్టరమ్మ పాత స్లైడు తెప్పించుకుని చాలాసేపు చూసింది. దిమ్మని మళ్లీ కొయ్యమంది. తక్ కోసి, రెండు స్లైడులూ పక్కపక్కన పెట్టి ఉన్‌చోంగ్‌ని పిలిచాడు.

“చూడు. ఈవిడ ముక్కలన్నీ ఒక వరసలో ఉన్నాయా? ఇదొక్కటీ అంచున, వీటి మీదెక్కి కూర్చుంది. ఇప్పుడు అదే దిమ్మ మళ్లీ కోశాను. ఉందా?”

“లేదు సార్.”

“దానికి ముందు ఎవరిని కోశావో చూసుకో. ఆ పెద్దాయన కేన్సరుకి ఇది అచ్చం తోబుట్టువు. నీళ్లు తుడిచావా?”

ఆమె తొట్టి వైపు చూసింది.

“ప్రార్థన చేశావు. అంతేగా?” తక్ నవ్వలేదు. “విను. డాక్టరమ్మ నోరు మూసుకుంది. ఆవిడ చూడాల్సింది చూడలేదు కదా మరి. నేనూ మూసుకున్నాను. స్లైడు దగ్గర నించోవాల్సిన నేను కాఫీ తాగుతున్నాను కదా మరి. ‘పునఃపరీక్షలో కణితి కనబడలేదు’ అని రాసి పంపేశాం. అబద్ధం ఒక్కటీ లేదందులో. నీకు శిక్షణ మార్కులు కావాలా, అక్కర్లేదా?”

ఆ వాక్యాన్నే కూ పాస్టరు తర్వాతి ఆదివారం వేదిక మీద చదివి వినిపించాడు, డాక్టర్లే ఒప్పుకున్నారని.

ఉన్‌చోంగ్ తిండి మానేసింది. ఉపవాసం కాదు, ముద్ద దిగలేదు. చివరికి పాస్టరు గదికి వెళ్లి ఉన్నదంతా చెప్పింది.

ఆయన అంతా విన్నాడు. టీ పోశాడు. “ఉన్‌చోంగ్, దేవుడు మన పొరపాట్లని కూడా వాడుకుంటాడమ్మా.”

“జబ్బే లేదు కదండీ పాస్టరుగారూ. లేని జబ్బు ఎలా నయమవుతుంది?”

“కాగితం మీద ఉందిగా. ఆవిడ నమ్మింది, మనం ప్రార్థించాం, పోయింది. నువ్వు గాజుముక్క చూసి మాట్లాడుతున్నావు. నేను సంఘాన్ని చూసి మాట్లాడుతున్నాను.”

“ఆవిడ కొట్టు పోతుందండీ.”

“దేవుడి దగ్గరికి వెళ్లింది పోవడం అంటారా?” కప్పు పక్కన పెట్టాడు. “అయినా రోగుల విషయాలు బయట చెప్పడం మీ చదువులో తప్పు కాదూ?”

ఇది అడిగిన పెద్దమనిషి కిటికీ బయటే, ఆ రోగి ఫొటో, ఆ రోగి జబ్బు పేరు గాలికి టపటపలాడుతున్నాయి. ఉన్‌చోంగ్‌కి నవ్వొచ్చింది. ఆ గదిలో ఆమెకి నవ్వు రావడం అదే మొదటిసారి. లేచి వచ్చేసింది.

రెండు రోజుల తర్వాత బజారుకి వెళ్లింది. పొద్దుటి రద్దీ అయిపోయి మల్సున్ గిన్నెలు తోముతోంది.

“రావే పిల్లా. తిన్నావా? కూర్చో, మొలకలు ఇంకా ఉన్నాయి.”

“తినను. ముందు చెప్పేది వినండి.”

నించునే చెప్పింది. తొట్టి, కాగితం, పెద్దాయన ముక్క, ప్రార్థన, అన్నీ. మల్సున్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

“అంటే... నాకు రాలేదా?”

“రాలేదండీ.”

“వచ్చి పోలేదా?”

“రాలేదు.”

మల్సున్ గరిటె గంపలోకి విసిరింది. “ఓసి నీ మొహం మండా! పోయాక శవపేటిక ముందు పెట్టే ఫొటో తీయించుకున్నానే నేను! జుట్టు వంకీలు తిప్పించి మరీ! నా బంగారు ఉంగరాలు కోడలికి ఇచ్చేశాను. అది వెంటనే వేలికి తొడిగేసుకుంది, ‘వద్దత్తయ్యా’ అనైనా అనలేదు. రాత్రిళ్లు గోడకి తిరిగి ఏడ్చాను, మా ఆయనకి వినబడకుండా. ఇదంతా నువ్వు నీళ్లు తుడవనందుకా?”

“అవునండీ.”

“నాకోసం ప్రార్థన చేస్తూ తుడవలేదా?”

“అవునండీ.”

“ఎవరే నిన్ను చెయ్యమంది?”

చర్చిలో ఇన్నేళ్లుగా ఎవరూ ఎవర్నీ ఆ ప్రశ్న అడిగి ఉండరు. క్షమించమని ఉన్‌చోంగ్ మోకాళ్ల మీద కూర్చోబోయింది.

“లే లే. నేల తడిగా ఉంది, ప్యాంటు పాడవుతుంది. నువ్వు ఏడిస్తే నేను ఓదార్చాలా ఇప్పుడు? ఆ పని నాకు పెట్టకు.” ముక్కు చీదుకుంది. “పాస్టరుకి తెలుసా?”

“మొన్న చెప్పాను.”

“మొన్న. నిన్న సాయంత్రం ఫోను చేశాడు, అడ్వాన్సు చేతికొచ్చిందా అని.”

కోతల ఆదివారం నాడు వేదిక ముందు గుమ్మడికాయలు, చైనా క్యాబేజీలు, ఆపిల్ పళ్లు పేర్చారు. మల్సున్ పండగ బట్టలు కట్టుకుని మైకు దగ్గరికి వెళ్లింది. కూ పాస్టరు చేతులు కట్టుకుని చిరునవ్వుతో నించున్నాడు. వెనక వరసలో ఉన్‌చోంగ్ బెంచీ అంచు పట్టుకుని కూర్చుంది.

“నాకు కేన్సరని చెప్పారు,” అంది మల్సున్.

“ప్రభువా!” అంది సంఘం.

“మీరంతా నాకోసం తెల్లారకుండా లేచారు. మీకు దణ్ణం.”

“ఆమెన్!”

“కానీ నాకు ఆ జబ్బు రాలేదు.”

“ఆమెన్!” అని ఇంకా గట్టిగా అరిచారు. ఒకావిడ చేతులెత్తి ఏడ్చింది.

“పోయిందనట్లేదు. రాలేదంటున్నాను. ఆసుపత్రిలో ఇంకొకరి ముక్క వచ్చి నా ముక్కల్లో కలిసింది. పాస్టరుగారికీ తెలుసు.”

“ఆమెన్!” ఈసారి కాస్త తగ్గింది గానీ, అన్నారు. ఆ మాట అనడానికి చెవులతో పని లేదు. కంఠానికి అలవాటైతే చాలు.

“కాబట్టి కొట్టు డబ్బు ఇవ్వట్లేదు.”

అప్పుడు మాత్రం ఒక్క గొంతు లేవలేదు. సంఘానికి అంత స్పష్టంగా అర్థమైన ప్రసంగం ఆ గోడల మధ్య అంతకుముందు జరిగి ఉండదు. పియానో అమ్మాయి ఏం చెయ్యాలో తోచక పాట మొదలుపెట్టేసింది.

తర్వాత జరిగింది ఎవరైనా ఊహించేదే. దేవుడు జబ్బుని గాజు మీద కూడా మిగలకుండా తుడిచేశాడని, సాతాను ఒక చదువుకునే పిల్ల నోట్లో దూరి మల్సున్ విశ్వాసాన్ని కదిలించాడని కూ పాస్టరు ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. బ్యానరు మాత్రం దింపలేదు. మల్సున్ ఫొటో మీద ఆపిల్ పండు బొమ్మ అంటించారు. ఉన్‌చోంగ్ ఫీజు సహాయం ఆగింది. తక్ ఆమెకి దాటడానికి సరిపోయేటన్ని మార్కులు వేశాడు, ఒక్కటీ ఎక్కువ వెయ్యలేదు. “నిజం చెప్పేవాళ్లని ల్యాబ్‌లో ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోరు,” అన్నాడు, సలహా ఇస్తున్నట్టు. ఆమె చదువు ఒక సెమిస్టరు ఆపి, ఒక కంటి డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుంది. తర్వాత పూర్తి చేసింది. లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు వేరే ఊళ్లో దిమ్మలు కోస్తుంది. ఆదివారాలు చర్చికి వెళ్తుంది, వేరే చర్చి. అక్కడ ఆమె ఏం పని చేస్తుందో ఎవరికీ చెప్పలేదు.

మల్సున్ కొట్టు నడుస్తోంది. ఆమె కూడా చర్చి మానలేదు. పాస్టరుకి ఎదురుగా మొదటి వరసలోనే కూర్చుంటుంది, కావాలనే. ఉంగరాలు కోడలు తిరిగివ్వలేదు. వాటి గురించి ఆమె అడగలేదు కూడా. అడిగింది ఆసుపత్రిని. సియోల్ పరీక్షలకీ, బస్సులకీ అయిన ఖర్చు ఇప్పించమని రసీదులు పట్టుకుని కౌంటరు దగ్గరికి నాలుగుసార్లు వెళ్లింది. ప్రతిసారీ ఒక కుర్రాడు రెండు చేతులూ ముందు పెట్టుకుని వినయంగా వంగి, పరిశీలనలో ఉందమ్మా అన్నాడు. ఆ ఎనిమిది లక్షల డెబ్భై వేల వోన్లు ఆసుపత్రి ఆమెకి ఇంకా ఇవ్వలేదు.