తాళంచెవి నా దగ్గరే ఉంది

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. బరువంతా నామీదే ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. సగం తీసి మా ఆయన భుజాన పెట్టాను. పెట్టింది నేనని ఆయనకు ఇప్పటికీ తెలియదు. నా పేరు చెప్పుకునే ధైర్యం లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో శామీర్‌పేట చెరువుకు కాస్త దూరంగా, అప్పుడే లేస్తున్న ఒక కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. మాది కాకినాడ వైపు. మా ఆయన తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబులో పనిచేసేవారు. మేడ్చల్‌లో పాత సామాన్ల కొట్టు దగ్గర ఆయన ఒక ట్రైలర్ చూసి ముచ్చటపడ్డారు. జీపు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల గది అది. లోపల రెండు బల్లలు, వాటిమీద పరుపులు, చిన్న గ్యాస్ పొయ్యి, బ్యాటరీతో వెలిగే లైట్లు. సెలవులకు ఊళ్లు తిరుగుదామని కొన్నారు. నాగార్జునసాగర్ ఒక్కసారి వెళ్లొచ్చాం. ఆ తర్వాత అది మా ఇంటి పక్క ఖాళీ స్థలంలోనే ఉండిపోయింది.

దానికి అసలు పని వేసవి గాలివానల్లో దొరికింది. ఈదురుగాలికి కరెంటు స్తంభాలు ఒరిగిపోయేవి. ఒక్కోసారి మర్నాటి దాకా కరెంటు వచ్చేది కాదు. చెరువు దగ్గర చేపలు పట్టుకుని బతికేవాళ్ల పాకలు ఆ గాలికి ఆగేవి కావు. మా ఆయన చిన్నప్పుడు తుఫానులో ఇంటి కప్పు లేచిపోతే, ముక్కూమొహం తెలియనివాళ్ల మేడలో తలదాచుకున్నారట. అందుకే ఆ పాకలవాళ్ల దగ్గరికి తనే వెళ్లి, మబ్బు పడితే అడగక్కర్లేదు, వచ్చి ట్రైలర్లో కూర్చోండని చెప్పారు. వచ్చేవాళ్లు. పిల్లలకు అక్కడే పాలు కాచుకునేవాళ్లు. వాన వెలిశాక ఊడ్చి మరీ వెళ్లేవాళ్లు.

నాకది నచ్చేది కాదు. చేపల వాసన పరుపులకు పట్టేస్తుందని సణిగేదాన్ని. కానీ నేను చేప లేని ఆదివారం ఎరగని ఇంట్లో పుట్టినదాన్నే. నాకు పడనిది చేపల వాసనేనా, ఆ మనుషులా? ఆ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు.

ఒక ఏడాది మే నెలలో మా ఆడపడుచు పిల్లలతో వస్తోంది. ఇంట్లో చోటు చాలదని ట్రైలర్ కడిగించి, కొత్త కర్టెన్లు కుట్టి, ఉతికిన దుప్పట్లు పరిచాను. అంతవరకూ లేని తాళం తలుపుకు వేయించాను. వాళ్లు దిగే ముందురోజు ఉదయం మా ఆయన బ్యాటరీ సరిచూసి, తాళంచెవి నా చేతికిచ్చి పనికి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం దాటాక ఆకాశం నల్లబడింది. కరెంటు పోయింది. గాలి లేచింది, జల్లు మొదలైంది. నేను వరండాలో ఆరేసిన బట్టలు తీస్తుంటే యాదమ్మ వచ్చింది. చెరువులో చేపలు పట్టి బస్టాపు దగ్గర అమ్మేది. ఆయాసంతో వంగిపోయిన అత్తను నడుం పట్టి నడిపించుకొచ్చింది.

"అమ్మా, బండి తలుపు తెరువుండ్రి. మా అత్తకు దమ్ము వస్తాంది. పాక ఆగేటట్టు లేదు."

"తాళంచెవి ఆయన పట్టుకెళ్లిపోయారు యాదమ్మా. సాయంత్రం గానీ రారు."

"అట్లనా. ఇగ ఏం జేస్తం. మీరు లోపల్కి పోండ్రి అమ్మా, తడుస్తున్నరు."

తాళంచెవి నా కొంగున ముడి వేసి ఉంది. వాళ్లు గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. పిలవొచ్చు. పిలవలేదు. ట్రైలర్ వద్దనుకుంటే ఇంట్లోకైనా రమ్మనొచ్చు కదా అని మీరడుగుతారు. ఆ ఆలోచనే నాకు రాలేదు. రాకపోవడం ఆ అబద్ధం కంటే పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తుంది.

వాళ్లు పొలంలో ఉన్న మోటారు గదిలోకి వెళ్లారు. గాలికి గోడ కూలింది. అత్తమీద పడకుండా యాదమ్మ అడ్డం పడుకుంది. ముసలామె బతికింది. యాదమ్మ కుడిచెయ్యి మోచేతి కింద నలిగిపోయింది.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి ఈ కబురు కాలనీ అంతా తెలిసిపోయింది. తాళంచెవి మీ దగ్గరే ఉండిపోయింది కదా అన్నాను. నీకిచ్చినట్టే గుర్తు అన్నారు. అన్నారే గానీ ఆయన మతిమరుపు ఆయనకు తెలుసు. జేబులు తడుముకున్నారు. ఆయన స్నానానికి వెళ్లగానే తాళంచెవి ముడి విప్పి ఆయన క్యారేజీ సంచి అడుగున పడేశాను. తర్వాత ఆయనే దాన్ని తీశారు. చేతిలో పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. నేను వంటింట్లోకి వెళ్లి ఆ మొహం చూడకుండా తప్పించుకున్నాను.

మర్నాడు ఆసుపత్రిలో యాదమ్మ ముందు చేతులు జోడించి, నావల్లే జరిగిందన్నారు. "మీరేం జేసిన్రు సారూ, గాలి జేసింది" అంది యాదమ్మ. నేను ఆయన వెనక బ్రెడ్డు పొట్లం పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత ఆయన ట్రైలర్ ఎవరికో ఇచ్చేశారు. యాదమ్మ కొడుక్కి తమ ల్యాబులో డ్రైవరు పని ఇప్పించారు. మంచి పని చేశారని ఎవరైనా అంటే తల దించుకునేవారు. చిన్న విషయానికి కూడా తనమీద తనకు నమ్మకం పోయింది. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు వేశాక, వేశానా అని నన్నే అడుగుతారు. వేశారండీ అని చెబుతాను. ఆ ఒక్క విషయంలో నా మాట ఎంత నమ్ముతారో!

కొన్నేళ్ల తర్వాత యాదమ్మ మనవరాలి పుట్టువెంట్రుకలకు పిలవడానికి వచ్చి, ఎడమచేత్తో నాకు బొట్టు పెట్టింది. ఆ రోజు తాళంచెవి, అని మొదలుపెట్టాను. "ఇంకా గదే యాది జేసుకుంటున్నరా? ఇడ్సిపెట్టుండ్రి" అంది. నేను ఆగిపోయాను. ఆమె ఆపినందుకు లోపల సంతోషించాను కూడా. అదీ మీకు చెప్పాలి.

ఇది చెప్పినందువల్ల యాదమ్మ చెయ్యి బాగుపడదు. మా ఆయనకు ఈ మాట చెబుతానో లేదో నాకే తెలియదు. చెప్పలేనేమో. కానీ మీలో ఒక్కరికైనా తెలియాలి. ఆయన ఏదీ మరిచిపోలేదు. ఆ తలుపు తెరవనిది నేను.