మలుపుల్లో గోవిందనామం

చిత్తూరులో మెకానిక్ నా కారు ముందు చక్రం విప్పి, చినిగిన రబ్బరు తొడుగులోని నల్లటి గ్రీసు చూపించాడు. "సీవీ జాయింటు, అదే సక్రాన్ని తిప్పే కీలు, అరిగిపోయినాది మేడం. మలుపులో టకటకమంటాది సూడండి, అదే గుర్తు. దీంతో కొండెక్కొద్దు. ఇరిగితే ఇంజను లాగదు, బండి ఎనక్కి జారతాది."

ఆ టకటక నాకు కొత్త కాదు. నాకు ఏడేళ్లప్పుడు మా నాయన అద్దె కారులో యాత్రికులను తిరుమలకు తీసుకెళ్లేవాడు. సెలవుల్లో నన్నూ ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. ఒకరోజు వెనక సీట్లో పసిబిడ్డతో ఒక తల్లి ఎక్కింది. ఘాట్ రోడ్డు మొదటి మలుపులోనే చక్రం దగ్గర టకటకమంది.

"ఏందప్పా ఆ సప్పుడు?" అని ఆమె అడిగింది.

"ఏం లేదక్కా, పాత బండి గదా" అని నాయన నా వైపు చూశాడు. "గోవిందా అను మే, గట్టిగా!"

ప్రతి మలుపులోనూ అరిచాను. ఆమె కూడా గొంతు కలిపింది. ఆ టకటక మా భజనకు కారు వేస్తున్న తాళమని నమ్మాను. నేరుగా సాగే దారిలో నాయన నన్ను ఒక్కసారి కూడా అరవమనలేదు. అది భక్తే అయితే మలుపులకే ఎందుకు పరిమితమైందన్న ప్రశ్న అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచినా నాయన మీద కోపం రావడం లేదు. ఏమీ రావడం లేదు.

కొండపైన దిగాక ఆమె నిద్రపోతున్న బిడ్డను నా చేతుల్లో పెట్టింది. "నీ నోటి సలవే తల్లీ, సల్లగా చేరినాము. కాసేపు ఎత్తుకో" అంది.

నేను ఎంతో గర్వంగా ఎత్తుకున్నాను.