మావిస్ నల్ల పురుగులు

మావిస్ ట్రెగెంజా రోజూ పొద్దున ప్రార్థన చెప్పుకుని, టీ అయినా తాగకుండా బార్లీ చేలోకి వెళ్ళి, ముందురోజు సాయంత్రం పరిచిన తడి గోనెల్ని ఎత్తి చూసేది. కింద నల్ల పెంకుపురుగులు అటూ ఇటూ పరుగెడితే, "ఉన్నారా నాయనా" అని పలకరించి మెల్లగా కప్పేది. మొలకల్ని కొరికే గుల్లలేని నత్తల్ని తినేవి అవే. వాటికి ఎగరడం రాదు, ఎక్కడికైనా నడిచి రావలసిందే. అవి ఆమె చేలో నిలదొక్కుకోవడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆ మే నెలలో విత్తనం వేశాక ఆమెకు మోకాలు వాచింది. పక్క పొలం క్లెమ్ హాఫ్‌మన్ అడగకుండానే వచ్చి కలుపుమందు కొట్టిపెట్టాడు. పనిలో పనిగా పిచికారీ తొట్టిలో పురుగుమందు కూడా వంపాడు. అక్కడ అందరూ చేసేదే, చవక కదా అని.

మూడో రోజుకు గోనెల కింద పురుగులన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. నెల తిరక్కుండా నత్తలు బార్లీని నున్నగా గొరిగేశాయి.

"నీ మంచికే పోశాను మావిస్," అన్నాడు క్లెమ్ చర్చి మెట్ల మీద.

"నా మంచి నిన్ను చూడమన్నానా?"

"పురుగులకే ఇంత రభసా? పోనీ, సమాధి కట్టించమంటావా?"

అందరూ నవ్వారు. ఆనాటి నుంచి ప్రార్థనలో తప్పుచేసినవాళ్ళని క్షమించే మాట దగ్గర మావిస్ నోరు మూతపడేది.

మూడు రోజులు నత్తల్ని ఏరి బకెట్ నింపింది. తెల్లారేవేళ, జల్లులో కుంటుకుంటూ కంచె దాటి, క్లెమ్ గోధుమ చేను అంచున వాగుగట్టు గడ్డిలో కుమ్మరించింది.

"పాకండి తల్లీ. చేనంతా మీదే."

గడ్డి కదిలింది. నల్ల పెంకుపురుగులు పదులకొద్దీ వచ్చి నత్తల మీద పడ్డాయి. ఆ గట్టు మీద ఎవరూ ఎన్నడూ మందు కొట్టలేదు. పగ తీరలేదని మావిస్‌కు ముందు ఒళ్ళు మండింది, తర్వాత కళ్ళు తడిశాయి. అంతలో గట్టు వెంట పాతిన కొత్త గుంజలు కనిపించాయి. వచ్చే వారం ఆ గట్టును దున్నేస్తానని క్లెమ్ ఊరంతా చెప్పి ఉన్నాడు.

తిన్నగా అతని గుమ్మం ఎక్కింది. క్లెమ్ పొయ్యి దగ్గరికి కుర్చీ జరిపి, పొడి తువ్వాలు అందించాడు.

"నీ చేలో నత్తలు పొయ్యడానికి వచ్చాను," అంది, కూర్చోకుండానే. "కోపం పోయిందనుకోకు, పోలేదు. కానీ ఆ గట్టు దున్నకు క్లెమ్. అందులో నల్ల పురుగులున్నాయి, అవి నా చేలోకి నడిచి వచ్చేదాకా ఉండనియ్యి. నిన్నే అడుగుతున్నాను."