హారన్‌కి ఉలకని పసివాడు

1958, కార్తీకమాసం. జగ్గయ్యపేటలో అద్దెకు తిరిగే కార్లు అప్పటికి మూడే. వాటిలో ముసలిది నాది. నాలుగో తరగతిలో బడి నన్ను వదిలించుకున్నాక కొన్నాళ్ళు జట్కా తోలాను, ఆ తర్వాత ఈ కారు పట్టాను. గుర్రానికీ దీనికీ పెద్ద తేడా కనిపించలేదు. రెండూ మాటిమాటికీ నీళ్ళు అడిగేవి, తొందరపెడితే మొరాయించేవి. కారు ముందు భాగంలో రేడియేటర్ ఉంటుంది. ఇంజను వేడెక్కకుండా అందులో నీళ్ళు పోస్తాం. మంచి కారుకి ఎప్పుడో ఒకసారి చూసుకుంటే చాలు. నా కారుకి ఎనిమిది మైళ్ళకోసారి పోయాలి. అయినా జనం నన్నే పిలిచేవాళ్ళు. బండి ఆగినా మస్తాన్ నోరు ఆగదు, నవ్వుకుంటూ పోవచ్చు అని.

ఆ ఆదివారం రంగారావుగారి కుటుంబాన్ని పెనుగంచిప్రోలు దగ్గర మునేటి ఒడ్డున ఉన్న మామిడితోటకి తీసుకెళ్ళాలి. పొద్దున వెళ్ళి, వంట చేసుకుని తిని, సాయంత్రానికి తిరిగి రావడం. ఈ ప్రయాణమంతా వాళ్ళ ఎనిమిది నెలల బుజ్జిగాడి కోసం. వాడికి ఏరు చూపించాలని తల్లి రాజ్యం సరదాపడింది. అంతకుముందు దసరాకి బెజవాడ బయలుదేరితే, కీసర వంతెన మీద ఏడుపు అందుకున్నవాడు కంచికచర్ల దాటినా ఆపలేదు. సగం దారిలోనే వెనక్కి తిప్పుకొచ్చాను. అందుకని రాజ్యం ఈసారి అన్నీ ముందే ఆలోచించి పెట్టుకుంది. కూజాలో కాచి చల్లార్చిన నీళ్ళు, ఉయ్యాల కట్టడానికి పాతచీర, మెత్తటి పంచె గుడ్డలు ఒక మూట, గిలక్కాయ, ఎండ ముదరకముందే చేరుకునే ఏర్పాటు.

చంటిపిల్లలు బండెక్కితే నాకొక అలవాటు ఉండేది. రబ్బరు బుడ్డి హారన్ ఒక్కసారి నొక్కేవాణ్ణి. పిల్లవాడు నవ్వితే బండి హాయిగా తోలుకోవచ్చు, ఏడిస్తే మెల్లగా పోవాలి. ఆ రోజు చెయ్యి హారన్ మీద వేశానో లేదో, వెనకసీట్లోంచి రెండు గొంతులు ఒక్కసారే లేచాయి.

"నొక్కమాక మస్తానూ! పిల్లాడు పడుకున్నాడు."

ఒక గొంతు రంగారావుగారి తల్లి సీతమ్మగారిది. రెండోది రాజ్యం తల్లి వెంకమ్మగారిది. ఆవిడ ముందురోజే నందిగామ నుంచి వచ్చారు. ఈ వియ్యపురాళ్ళిద్దరూ కూరలో ఉప్పు దగ్గర్నుంచి పిల్లవాడి ముక్కు ఎవరిదనేదాకా దేనిమీదా ఏకమైన పాపాన పోలేదు. అలాంటివాళ్ళు ఒక్కమాట మీద నిలబడటం చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నాకు వేళాకోళం వచ్చింది.

"ఇంత బుద్ధిమంతుణ్ణి నా బండి ఎన్నడూ ఎరగదండీ. నాయనమ్మా అమ్మమ్మా ఇద్దరూ ఉన్నా ఏడవడంలేదు" అన్నాను. అందరూ నవ్వారు.

తోటలో మామిడికొమ్మకి చీర ఉయ్యాల కట్టారు. పొయ్యి వెలిగించారు. నేను నాలుగు కొబ్బరికాయలు కొట్టి, నలభై కబుర్లు చెప్పాను. రాజ్యం మాత్రం గిలక్కాయ పట్టుకుని ఉయ్యాల చుట్టూ తిరుగుతూనే ఉంది.

"ఇంకా లేవడేంటండీ? పొద్దుట్నించీ పాలు కూడా తాగలేదు."

"పడుకోనీవమ్మా, గాలి మారింది" అన్నారు సీతమ్మగారు.

"ఏటి గాలికి నిద్ర పడుతుంది" అన్నారు వెంకమ్మగారు.

వంకాయకూర దించేవేళకి రాజ్యం ఇక ఆగలేక వాణ్ణి ఎత్తుకుంది. మెడ వెనక్కి వాలిపోయింది. తడిగుడ్డ పిండి ఆరేసినట్టు చేతులు రెండూ వేలాడాయి. రంగారావుగారు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారు. ఊపిరి ఉంది కానీ ఒకటి వచ్చాక రెండోది ఎప్పటికో గాని రావడంలేదు. నేను పరిగెత్తుకెళ్ళి హారన్ విప్పుకొచ్చి, వాడి పక్కనే బలమంతా పెట్టి నొక్కాను. చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. వాడి రెప్ప కదల్లేదు.

అన్నం పొయ్యిమీదే వదిలేసి అందరూ బండెక్కారు. హ్యాండిల్ తిప్పితే మూడోసారికి గాని ఇంజను అందుకోలేదు. ఆ మూడుసార్లలో నా వీపు చెమటతో తడిసిపోయింది.

"పేటకి పోనీ" అన్నారు రంగారావుగారు.

"పేట డాక్టరుగారు ఊళ్ళో లేరండీ. పొద్దున నేనే బస్సు ఎక్కించా. నందిగామే పోవాలి."

మట్టిరోడ్డు దాటి పెద్దరోడ్డెక్కి మూడు మైళ్ళు పోయామో లేదో, ముందునుంచి పొగలా ఆవిరి లేచింది. బండి ఆపక తప్పలేదు.

"ఎందుకాపావ్?" రంగారావుగారు అరిచారు.

"ఆపకపోతే ఇంజను పట్టేసి నందిగామ దాకా నడవాల్సొస్తుందండీ. వేడి మీద చన్నీళ్ళు పోస్తే పగులుద్ది. కాస్త ఆగాలి."

ఆ కాస్సేపు ఎంత పొడుగో నాకు తెలుసు. రాజ్యం పిల్లవాడి అరికాళ్ళు గిల్లుతూ, బుగ్గలు తడుతూ, "బుజ్జీ, నాన్నా, బుజ్జీ" అంటూనే ఉంది. ఉన్నట్టుండి తలెత్తి పెద్దవాళ్ళిద్దరికేసీ చూసింది.

"నల్లమందు పెట్టారా?"

ఆ రోజుల్లో ప్రయాణంలో పిల్లలు ఏడవకుండా పిసరంత నల్లమందు పెట్టడం చాలా ఇళ్ళల్లో ఉండేది. పెద్దావిడల పెట్టెల్లో ఒక డబ్బీ ఉండేది. అది వద్దని ఆసుపత్రి నర్సు చెప్పిందని, రాజ్యం దసరానాడే అందరిముందూ గట్టిగా చెప్పేసిందట.

"అయ్యో, నేనెందుకు పెడతానే?" అన్నారు వెంకమ్మగారు.

"నా చేతులు పడిపోను! నేను పెట్టలా" అన్నారు సీతమ్మగారు.

ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. వియ్యపురాలి ముందు ఎవరు ఒప్పుకుంటారు? ఇంతసేపూ వాళ్ళని ఏడిపించిన నోరే గదా నాది, దాన్నే వాడాను. రేడియేటర్ దగ్గర్నుంచి కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డాను.

"అమ్మగారూ, మా అమ్మ కూడా పొలం పోతా నాకు పెట్టేదంట. నాలుగో తరగతిలో నిద్రపోయాను, ఇదిగో ఇట్టా ఆవిరి చూసుకుంటా బతుకుతున్నా. అయినా మా అమ్మ మీద నాకు కోపం లేదు. పిల్లాడికి కష్టం కలగకూడదనేగా పెట్టింది! మీరూ అందుకే పెట్టుంటారు. ఎంత పెట్టారో చెప్తే డాక్టరుగారికి చెప్పొచ్చు. చెప్పకపోతే ఆయనా మనలాగే చూస్తా కూర్చుంటాడు."

 అప్పుడు సీతమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తలంటి పోశాక... ఉగ్గులో... ఆవగింజంత" అన్నారు.

వెంకమ్మగారు గిర్రున ఇటు తిరిగారు. 

"వదినగారూ, మీరూ పెట్టారా? నేను బండెక్కేముందు వేలికి రాసి నాకించానే!"

రాజ్యం  కూజా తీసి నా చేతికిచ్చింది. పిల్లవాడికోసం కాచి చల్లార్చిన నీళ్ళు. మెల్లగా, ధారగా రేడియేటర్‌లో పోశాను.  తర్వాత నందిగామ దాకా ఎడంచేత్తో స్టీరింగు, కుడిచేత్తో హారన్. రోడ్డు ఖాళీగా ఉన్నా నొక్కుతూనే పోయాను. వెనక నాయనమ్మా అమ్మమ్మా చెరో అరికాలూ పట్టుకుని రుద్దుతున్నారు. "వదినగారూ, గట్టిగా" అని ఒకరు, "రుద్దుతున్నా వదినగారూ" అని ఇంకొకరు. నవ్వించే మాట ఒక్కటి కూడా నాకు తట్టలేదు.

నందిగామలో డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "ఏం తిన్నాడు?"

ఇద్దరూ ఒక్కసారే చెప్పారు, ఎంత పెట్టారో, ఎప్పుడు పెట్టారో.

ఆయన వెంటనే వాణ్ణి లోపలికి తీసుకెళ్ళారు. గొట్టం వేసి కడుపు కడిగారు. ఇంజక్షన్ ఇచ్చారు. ఊపిరి తగ్గినప్పుడల్లా తట్టి లేపమని కాంపౌండర్‌ని పక్కన కూర్చోబెట్టారు. ఎండ దిగేదాకా మేం వరండాలో నిలబడే ఉన్నాం. తోటలో వదిలేసిన అన్నం మాట ఎవరికీ గుర్తు రాలేదు. అప్పుడు లోపల్నుంచి ముందు ఒక మూలుగు, తర్వాత గుక్క తిప్పుకోకుండా ఏడుపు. దసరాకి మమ్మల్ని కంచికచర్ల నుంచి వెనక్కి తిప్పించిన ఏడుపే. రాజ్యం లోపలికి పరిగెత్తింది. డాక్టరుగారు బయటికొచ్చి, "ముందే చెప్పబట్టి సరిపోయింది. చెప్పకపోతే జబ్బేంటో తేల్చుకోవడానికే పొద్దు పోయేది" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు వియ్యపురాళ్ళిద్దరూ ఒకే కిటికీ పక్కన కూర్చున్నారు. పేటలో దిగేముందు రెండు డబ్బీలు నా చేతిలో పెట్టి, "ఎక్కడన్నా పారెయ్ మస్తానూ, మేం పారేస్తే మళ్ళీ వెతుక్కుంటాం" అన్నారు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కారు తోలాను. చంటిపిల్లవాడితో ఎవరు బండెక్కినా, నిద్రపోతున్నా సరే, హారన్ ఒకసారి నొక్కేవాణ్ణి. "బుద్ధి ఉందా, పడుకున్న పిల్లాణ్ణి లేపుతావా?" అని చాలామంది తిట్టారు. పడ్డాను. పిల్లవాడు కదిలాకే గేరు వేసేవాణ్ణి. బండిలో నిశ్శబ్దంగా కూర్చున్న పసివాణ్ణి చూసి మెచ్చుకోవడం ఆ రోజుతో మానేశాను.

సంక్రాంతి వెళ్ళాక రాజ్యం మళ్ళీ బెజవాడ ప్రయాణం పెట్టింది. బుజ్జిగాడు కీసర వంతెన మీద సరిగ్గా అక్కడే ఏడుపు అందుకున్నాడు. కంచికచర్ల వచ్చింది, దాటింది. వాడు ఆపలేదు. వెనక్కి తిప్పమంటారేమోనని అద్దంలోంచి చూశాను. నాయనమ్మా అమ్మమ్మా ఆ ఏడుపు వింటూ, పాట కచేరీలో కూర్చున్నట్టు కళ్ళు మూసుకుని తలలూపుతున్నారు.