మూడో గడియారం

మధ్యాహ్నం మూడు దాటాక ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే, మా క్వార్టర్‌లో ముందు స్టీలు గ్లాసులు గలగలమంటాయి, ఆ వెనుక శబ్దం వస్తుంది. చేతినిండా పిండి ఉన్నా సరే, నా కళ్లు గోడ గడియారంలో సెకన్ల ముల్లు మీదికి పోతాయి. ఈ అలవాటు నేర్పింది జుబేదా టీచరమ్మ. ఆమె కన్నుమూసి ఏడాదైంది. గ్లాసులు మోగినప్పుడల్లా ఆమె గుర్తుకొస్తుంది, వెంటే కోపమూ వస్తుంది. ఏడుపు రావాలి కదా అంటుంది మా ఆడబిడ్డ. నాకు కోపమే వస్తుంది.

గోదావరిఖనిలో ఆమె చదువు చెప్పిన బడిలోనే నేను మధ్యాహ్న భోజనం వండేదాన్ని. నా చదువు మూడో తరగతితో ఆగింది, కానీ విన్న మాట మర్చిపోను. వంటగదికి ఆనుకునే పదో తరగతి. ఒకరోజు పప్పు కలుపుతూ విన్నాను. ఎక్కడో ఆకాశం చివర పెద్ద నక్షత్రం కూలిపోతే గామా కిరణాలు ఒక్క మెరుపులా దూసుకొస్తాయట. కొన్ని సెకన్లే ఉంటాయట. మన గాలి వాటిని కిందికి రానివ్వదు కాబట్టి, పరికరాలను అంతరిక్షంలోకి పంపి కాపలా పెట్టారట. గరిటెతోనే కిటికీ దగ్గరికి వెళ్లాను.

"టీచరమ్మా, సెకన్లల ఆరిపోయేదాన్ని, ఏ దిక్కుకెల్లి వచ్చిందో ఎట్ల పడ్తరు?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆమె వాళ్లను కసిరింది. "ఇంతసేపట్ల మీలో ఒక్కరన్న అడిగిండ్రా ఈ మాట? లోపలికి రా రాజక్కా."

పొయ్యి మీద పప్పు ఉందన్నాను.

"అయితే ఆడనే నిలబడి విను. ఒక్క పరికరమైతే మెరిసిందని చెప్తది గాని, జాగ సక్కగ చెప్పలేదు. గందుకే దూరందూరంగ మూడు పెడ్తరు. ఒకటి భూమి దగ్గర, ఇంకోటి అంగారకుని దిక్కు, గట్ల. మెరుపు ఒకదాన్ని ముందు తాకుతది, ఇంకోదాన్ని వెనక తాకుతది. ఆ తేడా తీస్తే ఆకాశం మీద ఒక గీత దొరుకుతది. మూడోది కలిస్తే గీతలు కోసుకుంటయి. ఆ కోసుకున్న కాడికి పెద్ద దుర్భిణిని జల్ది తిప్పుతరు, మిగిలిన వెలుగు ఆరిపోకముందే."

ఆ ఏడు సైన్సు ప్రదర్శనకు ఇదే చేసి చూపిద్దామంది. ఆకాశంలో మెరుపుకు బదులు మన గని బ్లాస్టింగు. శబ్దం మూడు చోట్ల ఏ సెకనుకు వినపడిందో రాసి, పటం మీద ఆ జాగా పట్టాలి. స్వప్న బడిలో, షబానా నీళ్ల ట్యాంకు దగ్గర. మిగతా పిల్లల ఇళ్లన్నీ దగ్గరదగ్గరే. వంట ముగించి నేను చేరే ఇల్లు మాత్రం కమాన్‌పూర్ దారిలో దూరంగా ఉంటుంది. "దూరమున్నకొద్ది లెక్క సక్కగొస్తది. నువ్వే మా మూడో పరికరానివి" అంది.

మొదటిసారి లెక్క గీస్తే, బ్లాస్టింగు గోదావరి నడిమధ్యలో జరిగినట్టు తేలింది. డంపర్ నడిపే మా ఆయన పడిపడి నవ్వాడు. "మేము నదిల తవ్వుతున్నమా ఏంది? రేపటికెల్లి నాకు పడవ ఇయ్యమను మీ టీచరమ్మను!"

తప్పు నాది. షిఫ్టుకు ఆలస్యం కాకూడదని గని పనివాళ్ల ఇళ్లలో గడియారం ముందుకు తిప్పి ఉంచుతాం. మాది అయిదు నిమిషాలు ముందు. ఫోనుతో సెకన్లు సరిచూసి పెట్టమని టీచరమ్మ చెప్పినా, ఆయనకు డ్యూటీ తప్పుతుందన్న భయంతో ముట్టుకోలేదు. మనసులోనే అయిదు తీసేసి రాశాను. అది సరిగ్గా అయిదు కాదు, పైన కొన్ని సెకన్లు. ఆ సంగతి దాచాను కూడా. రెండు రోజులు పటంతో కుస్తీపట్టాక ఆమె మా ఇంటికే వచ్చి, తన ఫోను మా గడియారం పక్కన పెట్టి చూసింది.

"ఎందుకు చెప్పలే రాజక్కా? తప్పైతే ఐతది. దాస్తె మాత్రం ఆ పిల్లలు రాసింది కూడ ఖరాబైతది. వాళ్లను నమ్మినట్లే నిన్ను నమ్మిన."

కూరలో ఉప్పెక్కువైతే నా మీద అరిచినవాళ్లు చాలామంది. నా మాట మీద ఇంకొకరి లెక్క నిలబడుతుందని కోప్పడ్డది ఆమె ఒక్కతే. గడియారం సరిచేశాను. మళ్లీ రాశాం. ఈసారి గీతలు గనిలోనే కలిశాయి. పటం చూసి మా ఆయన నవ్వలేదు. "గీడనే పేల్చిండ్రు. మీకెవరు చెప్పిండ్రు?" అన్నాడు.

ప్రదర్శన రోజు చార్టు కింద మూడు పేర్లు రాసింది టీచరమ్మ: స్వప్న, షబానా, రాజమ్మ. తీర్పు చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి నా పేరు మీద వేలు పెట్టి, "ఈమె ఏ క్లాసు?" అని అడిగాడు. వంట చేస్తానని తెలియగానే నవ్వాడు. "వంటామె పేరేందమ్మా ఇక్కడ? ఇది లేకపోతే మొదటి బహుమతి మీదే." జేబులోంచి ఎర్ర పెన్ను తీసి తనే గీత కొట్టాడు.

"మూడోది తీసేస్తే జాగనే దొరకది సార్." టీచరమ్మ పటం మీద గీతలు కలిసినచోట వేలు పెట్టింది. "ఆకాశంల మెరుపు దొరికితే, చూసిన ప్రతి పరికరం పేరు రాస్తరు. ఇనుప డబ్బాకిచ్చే ఇజ్జత్ మనిషికియ్యరా?"

అప్పుడు నేను నోరు తెరిచాను. పిల్లల ముఖాలు చూడలేక, "పోనియ్యమ్మా, నా పేరెందుకు, తీసెయ్యనియ్యి" అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కాలుస్తుంది. చార్టు ఊడబీకి చుట్టింది. బహుమతి ఎవరికో పోయింది. తిరుగు బస్సులో షబానా ముక్కు చీదుకుంటూ, "ఆయనను తీస్కపోయి బ్లాస్టింగుల నిలబెట్టాలె మేడం" అంది. "ఆ జాగ పట్టనీకి లెక్క గూడ అక్కర్లే, ఆయన అరుపు చాలు" అంది స్వప్న. టీచరమ్మ చార్టు నలగకుండా ఒళ్లో పెట్టుకుంది.

ఇది పిల్లల ప్రదర్శన, పెద్దల పేర్లు ఉండకూడదు అని నియమం చెప్పి ఉంటే ఒప్పుకునేదాన్నేమో. నియమం చెప్పలేదు, నవ్వాడు. నా కోపం ఆ నవ్వు మీద. అంతకంటే పెద్ద కోపం నా మీద. ఒకసారి గడియారం సంగతి దాచి తిట్లు తిన్నాను. బుద్ధి రాక, ఆ రోజు నన్నే దాచెయ్యమన్నాను.

ఆ చార్టు ఇప్పుడు మా గోడకుంది. ఎర్ర గీత అలాగే ఉంది. దాని పక్కన నల్ల సిరాతో నా పేరు మళ్లీ రాసి ఇచ్చింది టీచరమ్మ. గడియారం సరైన సమయానికే నడుస్తోంది, మా ఆయనే అయిదు నిమిషాలు ముందు లేస్తున్నాడు. ఇవాళ గ్లాసులు మోగాయి. పిండి చేత్తోనే క్యాలెండరు వెనుక గంట, నిమిషం, సెకను రాశాను. కింద నా పేరు రాశాను, కాగితం చిరిగేంత గట్టిగా ఒత్తి.