నాయిన పాట రెండో సగం

మా బస్తీలో ప్రేమ్‌రాజ్ అంటే ఎవరూ గుర్తుపట్టరు. బాజా ప్రేమ్‌రాజ్ అనాలి, బాజా అంటే ఆయన వాయించే ట్రంపెట్. ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల గోదాము మీద ఒక గది ఉంది, అది న్యూ రోషన్ బ్యాండ్ వాళ్లది. రంగు వెలిసిన ఎర్ర కోట్లు, కుచ్చులు ఊడిన టోపీలు, సొట్టలు పడిన ఇత్తడి సామాను అన్నీ అందులోనే. మీసాలు రాకముందు తండ్రి వెంట ఆ గది మెట్లెక్కిన మనిషి ఇప్పటికీ ఎక్కుతూనే ఉన్నాడు. కాకపోతే ఈమధ్య సగం మెట్ల దగ్గర ఒకసారి ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని ఎక్కుతున్నాడు.

నేను ఆయన పక్కింటివాణ్ని. ఆర్టీసీలో గుమాస్తాగా చేసి ఇంట్లో కూచున్నాను. పనిలేనివాడికి పక్కింటి బతుకు బాగా కనపడుతుంది. ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు. పెళ్లిళ్ల రోజుల్లో తెల్లారి వాకిట్లో కూచుని వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుంటాడు. బరాత్ ముందు నడవడం మామూలు నడక కాదు. నాలుగడుగులకోసారి ఆగాలి, కుర్రాళ్లు ఆడినంతసేపూ నిలబడాలి, వెనకనుంచి కారువాడు హారన్ కొడితే పక్కకి జరగాలి. ఇవన్నీ వాయిస్తూనే చెయ్యాలి.

బ్యాండు వాళ్లకి చట్టం ఒక్కటే. పెళ్లికొడుకు దోస్తుల్లో ఎవడైనా నోటు పట్టుకుని చెయ్యి పైకెత్తాడా, పాట మారాలి. ఆ చెయ్యిని కనిపెట్టేది డోలు వాయించే నగేష్. వాడు దెబ్బ మార్చగానే ట్రంపెట్టయినా క్లార్నెట్టయినా వాయిస్తున్నది ఉన్నచోటే వదిలేసి అటు తిరగాలి. "డోలు ఎటు పోతే బాజా అటు పోవాలె. సోంచాయించుకుంట నిలబడొద్దు" అని బ్యాండులోకి వచ్చిన ప్రతివాడికీ నేర్పింది ప్రేమ్‌రాజన్నే. బాగా నేర్పాడు. అదే ఆయన కొంప ముంచింది.

ఆయన తండ్రి ఒక పాట కట్టాడు. దానికి మాటల్లేవు, పేరు లేదు. బ్యాండులో 'నాయిన పాట' అంటారు. నిదానంగా నడిచే పాట. పెళ్లికొడుకు గుర్రమెక్కేముందు సలామీగా దాన్నే వాయిస్తారు. వాయిస్తారంటే, మొదలుపెడతారు. సగానికి రాకముందే దోస్తులకి ఓపిక నశిస్తుంది, చేతులు లేస్తాయి, నగేష్ దెబ్బ మారుస్తాడు, డాన్సు పాట అందుకుంటారు. తండ్రి పోయినప్పటినుంచి ఆ పాట రెండో సగం ఏ పెళ్లిలోనూ మోగలేదు. ప్రేమ్‌రాజన్న ఇంట్లో బాజా ముట్టడు. రోజంతా వంటశాలలో ఉన్నవాడు ఇంటికొచ్చి పొయ్యి రాజేస్తాడా? అందుకని ఆ సగం ఆయన తలకాయలో ఉండిపోయింది, అంతే.

పోయిన చలికాలం ఆయన పై ముందుపళ్లు రెండూ కదలడం మొదలుపెట్టాయి. పళ్ల డాక్టరు చూసి తీసెయ్యాలన్నాడు. కట్టుడుపళ్లు పెడితే రొట్టె తినొచ్చు. ట్రంపెట్ వాయించడం కుదరదు, దాన్ని పెదవి మీద అదిమిపట్టేది ఆ పళ్ల దన్నుతోనే. "వచ్చే నెల తీపించుకుంట సార్" అని లేచి వచ్చేశాడు. ఆ తర్వాత రెండు నెలలు గడిచాయి. రాజమణి వదిన సర్కారు దవాఖానలో ఆయా. మొగుడు గంజి తాగుతుంటే చూడలేక రోజూ లొల్లి పెట్టేది.

సరిగ్గా అప్పుడు వచ్చింది స్రవ్య ఫోను. ఈ మధ్య మా పాతబస్తీ మీద ఊరందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది లెండి. పొద్దున్నే గుంపులుగా వచ్చి మా గోడలు ఫొటోలు తీసుకుంటారు, మా ఇరానీ చాయ్ తాగి ఆహా అంటారు, పొంగే మా మోరీ మాత్రం ఎవరికీ కనపడదు. నయాపూల్ అవతల నవాబుల కాలంనాటి ఒక పాత భవంతిని, దేవిడీని, బాగుచేసి, నెలకో సాయంత్రం అందులో పాటలు, బొమ్మలు, కవిత్వాలు పెడుతున్నారు. ఆ పిల్ల దానికి పెద్ద. 'మరుగున పడిన కళాకారులకు వేదిక' అని కాయితం అచ్చేయించింది. ప్రేమ్‌రాజన్న బాజా మోగితే చార్‌మినార్ దాకా వినపడుతుంది. మరుగున పడిందెక్కడో నాకర్థం కాలేదు.

కానీ ఆయనకి అర్థమైంది ఒకటే. కుర్చీలుంటాయి. జనం కూచుంటారు. ఎవరికీ పెళ్లి తొందర ఉండదు.

"తమ్మీ, కూసొని ఇనేటోళ్లట. నాయిన పాట ఆఖరిదాక వాయిస్త. గంతే. తెల్లారి పండ్లు పీకిచ్చుకుంట" అన్నాడు. ఆ మాటన్నప్పుడు ఆయన మొహం చూసి నాకెందుకో భయమేసింది. ఏ కోరికా లేని మనిషి ఒక్కటి కోరుకుంటే పక్కనున్నవాళ్లకి దడ పుడుతుంది.

బ్యాండు వాళ్లని గదిలో కూచోబెట్టి ముందే చెప్పాడు. మొదటి సగం అందరూ వాయించాలి, రెండో సగం ఆయనొక్కడే వాయిస్తాడు, డోలు మెల్లగా నడవాలి. నగేష్ "సరే అన్నా, నేనేమన్న కొత్తోన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

శనివారం సాయంత్రం రాజమణి వదినతో కలిసి నేనూ వెళ్లాను. ఆవిడ మొగుడు వాయిస్తుంటే చూడడం అదే మొదలు. ఎవరూ పిలవని పెళ్లికి ఆడమనిషి ఎట్లా పోతుంది? పెట్టెలోంచి తీసిన పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూచుంది. లోపల రంగు దీపాలు, మట్టికప్పుల్లో చాయ్. మావాళ్ల కంటే ముందు ఒక కవిగారు చాలాసేపు చదివాడు. ఆయనకి ఎవరూ చెయ్యెత్తలేదు, పాపం, ఎత్తి ఉంటే బాగుండేది.

తర్వాత ఎర్ర కోట్లు వచ్చాయి. కూచుని వాయించడం చేతకాక నిలబడే మొదలుపెట్టారు. నాయిన పాట నేను వందసార్లు విన్నాను, రోడ్డు మీద, హారన్ల మధ్యన. అది అంత దుఃఖంగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది. జనం కదలకుండా విన్నారు. సగం దాకా వచ్చింది. క్లార్నెట్ ఆగింది, మిగతావాళ్లు ఆగారు. ప్రేమ్‌రాజన్న కళ్లు మూసుకుని, ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, రెండో సగంలోకి అడుగుపెట్టాడు. రాజమణి వదిన చీరకొంగు గట్టిగా పట్టుకుంది.

అప్పుడు మూడో వరసలో ఒక అమ్మాయి వీడియో తీయడానికి ఫోను పట్టుకుని చెయ్యి పైకెత్తింది.

నగేష్‌ని నేను తప్పుపట్టను. వాడి బుర్రకి ఆ చెయ్యి అందలేదు, నేరుగా మణికట్టుకి అందింది. దెబ్బ మారింది. క్లార్నెట్ ఎగిరింది. బ్యాండంతా డాన్సు పాటలోకి దూకింది. ప్రేమ్‌రాజన్న కళ్లు తెరిచి, తన పాట ముక్కని పట్టుకుని ఇంకో రెండు ఊపిర్లు నిలబడ్డాడు. పక్కనున్న కొత్తవాడు ఆయన్ని వింతగా చూశాడు, డోలు పోయాక ఈయన ఇక్కడేం చేస్తున్నాడని. ఆ చూపు తట్టుకోలేకపోయాడు. తను నేర్పిన చట్టమే మరి. ఆయన కూడా అటు తిరిగాడు.

జనం కుర్చీల్లోంచి లేచారు, ఈలలేశారు, ఆడారు. కవిగారు కూడా ఆడాడు. ఒకటి తర్వాత ఒకటి పాటలు మారాయి. చివరి పాటలో ట్రంపెట్ గొంతు చీలింది. ప్రేమ్‌రాజన్న జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని తెర వెనక్కి వెళ్లాడు. నేను వెళ్లేసరికి పన్ను చేతిలో పట్టుకుని చూసుకుంటున్నాడు. నాయిన పాట కోసం రెండు నెలలు గంజి తాగి దాచుకున్న పన్ను అది. డాన్సు పాటలో ఊడింది. నాకు ఏడుపొచ్చింది, ఎవరిమీదో తెలియని కోపమూ వచ్చింది.

స్రవ్య పరుగున వచ్చింది. మంచి పిల్లే, రుమాలుకంటిన రక్తం ఆమెకి కనపడలేదు. "అంకుల్, సూపర్! ఇంత ఎనర్జీ ఏ ప్రోగ్రాంలో రాలేదు. నెక్స్ట్ మంత్ నుంచి మీరు పర్మనెంట్. గేటు దగ్గర నిలబడి గెస్టులకి వెల్‌కమ్ వాయించండి, సరేనా?" అంది. ఆయన రుమాలు తియ్యకుండానే తలూపాడు. నగేష్ ఆటోలో దారి పొడుగునా డోలు ఒళ్లో పెట్టుకుని తల దించుకునే ఉన్నాడు.

మర్నాడు ఆదివారం. ఏ వారమూ తప్పని చర్చికి ఆ రోజు వాళ్లు పోలేదు. నేను వెళ్లేసరికి ఆయన మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు, వదిన కింద కూచుని చాటలో బియ్యం ఏరుతోంది. చాయ్ ఇచ్చింది.

"మల్ల ఎప్పుడన్నా వాయిస్తువులే అన్నా" అన్నాను, అబద్ధమని తెలిసే.

"ఏంతోని తమ్మీ, చేతి ఏళ్లతోనా?" అన్నాడు. పన్ను ఊడిన సందులోంచి గాలి పోతోంది. "రెండో పన్ను గూడ రేపో మాపో. నాయిన పాట నాతోనే పాయె. ఇంకెవరికి ఎరుక అది?"

వదిన చాటలోంచి తల ఎత్తకుండా, ముక్కుతో, ఏదో కూనిరాగం అందుకుంది. ఆవిడ గొంతు బాగుండదు. చర్చిలో కూడా వెనక వరసలో నిలబడి పెదవులు ఆడించేది. రెండు ముక్కలు పాడేసరికి ప్రేమ్‌రాజన్న గోడ వదిలి నిటారుగా కూచున్నాడు. అది పాట మొదలు కాదు. నిన్న ఎక్కడ తెగిపోయిందో, అక్కడినుంచి.

"నీకెట్లొచ్చె ఇది?"

"మీ నాయిన పొద్దుగాల లేశి వాయిస్తుండె గదా. నువ్వు పెండ్లిండ్లకు పోయొచ్చి పండుకుంటుంటివి. నేను గిట్లనే బియ్యం ఏరుకుంట ఇంటుంటి. వాయించి వాయించి, కోడలా, మంచిగుందా అని అడుగుతుండె."

"ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"నువ్వు అడగకపోతివి" అని మళ్లీ అందుకుంది.

మంచం మీద ఫోను మోగింది. శుక్రవారం బరాత్ ఉందని ముందే చెప్పిన ధూల్‌పేట్ పెళ్లివాళ్లదే కావచ్చు. వదిన ఆగింది. ఆగడం మా అందరికీ అలవాటే. ఆయన ఫోను వైపు చూడనైనా లేదు.

"నువ్వు ఆపకు" అన్నాడు.

అది మోగి మోగి ఊరుకుంది. వదిన ఏరుతూనే పాడింది. ఒకచోట తప్పు పోతే ఆయన చేత్తో కిందికి దించమని చూపించాడు, ఆవిడ దించింది. పాట నిదానంగా ఒక గుమ్మం దగ్గరికి వచ్చి ఆగింది. ఇక ముందుకి ఏమీ లేదని నాకు కూడా తెలిసిపోయింది.

"గంతే" అన్నాడు ప్రేమ్‌రాజన్న. "అయిపాయె." రుమాలుతో నోరు తుడుచుకుని, కళ్లు తుడుచుకున్నాడు.