ఏరువాకకు చూపని మిషన్‌తో చెన్నై దాకా

పోయిన ఏరువాక పున్నమికి మా ఊరి చావడి ముందు కొత్త పనిముట్లన్నీ వరసగా పెట్టి పసుపు కుంకుమ పూసినప్పుడు, నేను చేసిన శెనక్కాయలు ఒలిచే చేతి మిషన్‌ని ట్రాక్టరు వెనక్కి నెట్టారు. అది నేను మరవలేదు. అక్కడ ఫోటోలు తీసుకున్నవాళ్లలో ఒకడు అచ్చం అదే ఆకారం పోత పోయించి అమ్మాడు. అదీ మరవలేదు. అందుకే ఈ ఏడు చేసిన కొత్త మిషన్‌ని గోనెసంచిలో పెట్టి కుట్టేశాను. చావడికి పంపలేదని మా ఇంటామె ఆ పూటంతా సణుగుతూనే ఉంది.

పాత మిషన్‌ని చూసిన కెన్యా వ్యాపారి ఒకాయన, ఇంతకంటే మంచిదుంటే కొంటానన్నాడు. ఈసారి ఆకారం ఇక్కడా అక్కడా నా పేరునే రిజిస్టరై ఉండాలని చెన్నైకి బయలుదేరాను.

గార్లదిన్నెలో సాయంత్రం ప్యాసింజరెక్కి గుంతకల్లులో దిగాను. ప్లాట్‌ఫారం మీద తిన్న బొరుగుల ఉగ్గాని చల్లారిపోయి ఉంది. ఆ మాట అమ్మినవాడికి చెప్పే వచ్చాను. చెన్నై బండిలో ఎదురు సీటు రైల్వే ఉద్యోగి నా సంచిని కాలితో తట్టాడు.

"ఏమప్పా, వజ్రకరూరు నుంచి వస్తాండావా? వజ్రాలు ఇంత బరువుంటాయా?"

"బియ్యం," అన్నాను.

"బియ్యానికి చేతిపిడి కూడా ఉండాదే."

పెట్టె అంతా నవ్వింది. నేను సంచిమీద దుప్పటి కప్పి, దానిమీద కాళ్లు పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున చెన్నై స్టేషన్లో ఇడ్లీ తిని, ఆటోలో ఈ రిజిస్ట్రేషన్లు చేయించే వకీలమ్మ దగ్గరికి పోయాను. నెల్లూరు వైపు మనిషి. కూర్చోకముందే అడిగింది: "దీన్ని ఎక్కడైనా జనానికి చూపించారా? ఎవరికైనా ఫోటో పంపారా?" చూపిస్తే అది కొత్త ఆకారం కాకుండా పోతుందట, రిజిస్ట్రేషన్ దక్కదట. నేను ట్రాక్టరు సంగతి మొదట్నుంచీ చెప్పాను. ఆమె అంతా విని, "ఆ కోపం మంచి పనే చేసిందన్నా," అంది.

తెల్ల గుడ్డ ముందు మిషన్‌ని అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయించింది. ఈ రిజిస్ట్రేషన్ ఇచ్చే కాపుదల మిషన్ పనిచేసే తీరుకు కాదు, కంటికి కనిపించే రూపానికే. ఒకే దరఖాస్తుతో ఎన్నో దేశాలకు పంపే పద్ధతి కూడా ఉందట. మన దేశం అందులో ఇంకా చేరలేదట. ఎందుకు చేరలేదని గట్టిగానే అడిగాను. అయినా నన్ను కట్టిపడేసిన ఏర్పాటు మరొకటుంది. ఇక్కడ దరఖాస్తు వేసిన తేదీని కెన్యా లాంటి దేశాలు ఆరు నెలల దాకా మన్నిస్తాయి. ఈలోగా అక్కడ ఎవడు నకలు తెచ్చినా, నేను గడువులోపల అక్కడ కూడా దరఖాస్తు వేస్తే ముందు నేనే. ఎక్కడో కూర్చుని, ముక్కూమొహం తెలియని మనిషికి వరసలో చోటు ఆపి ఉంచాలని తలచినవాళ్లు గొప్పవాళ్లు. మా చావడి దగ్గర అలాంటివాళ్లు లేరు.

మధ్యాహ్నానికి దరఖాస్తు పోయింది, నంబరు వచ్చింది. ఇక ఎవరికైనా చూపించుకోవచ్చు అంది ఆమె. ఈ దారిన రాదలచినవాళ్లకు నేను చెప్పేదీ అదే: ముందు దరఖాస్తు, తర్వాతే చావడి.

తిరుగు బండిలో కుట్లు విప్పి మిషన్‌ని కిటికీ పక్కన, నా సీటులోనే పెట్టాను. కడప పోతున్న ఒకామె తన సంచిలోని శెనక్కాయలు పోసి పిడి తిప్పింది. పప్పు ఒక్కటీ విరగలేదు.

"బాగుండాది గదన్నా. ఇన్నాళ్లూ యాడ దాచినావు దీన్ని?"

ట్రాక్టరు దగ్గర మొదలుపెట్టాను. కడప వచ్చేసరికి కెన్యా దాకా వచ్చాను.